‘అడ్జస్ట్’లో ఇంగ్లీషు ఎంత, తెలుగు ఎంత?

సందేహం: మా అబ్బాయి లండన్‌లో చదువుకుంటున్నాడు. మొన్న అక్కడి లోకల్ రైల్లో ఒక సీటు దగ్గర నిలబడి, కూర్చున్నావిడతో "ప్లీజ్ అడ్జస్ట్" అన్నాడట. ఆవిడ ఒకసారి తన ఒంటికేసి చూసుకుని, మెడలో స్కార్ఫు సర్దుకుని, మళ్లీ ఫోన్లో తల దూర్చిందట. వీడు దిగేదాకా నిలబడే ఉన్నాడు. వాడన్నదాంట్లో తప్పేముంది? ఇంకో మాట. అడ్జస్ట్ అన్నది జస్టిస్‌లోంచి వచ్చింది, దాని అసలు అర్థం న్యాయం చెయ్యడమే అని మా మిత్రుడొకాయన వాదిస్తాడు. నిజమేనా? మనం రాసే ‘సర్దుబాటు’ ఆ ఇంగ్లీషు మాటకు మక్కికి మక్కి అనువాదమేనా? (డోన్ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ అబ్బాయి తప్పు మాట్లాడలేదు. కాకపోతే ఇంగ్లీషు మాటతో తెలుగు మాట్లాడాడు.

ఇంగ్లీషువాళ్ల నోట అడ్జస్ట్‌కు మామూలుగా ఒక కర్మ కావాలి. దేన్ని అడ్జస్ట్ చెయ్యాలి? టైనా, కుర్చీ ఎత్తునా, వాచీలో టైమునా, లెక్కలో అంకెనా? అది చెప్పకుండా వదిలేస్తే వినేవాళ్లు తమకు తోచింది ఊహించుకుంటారు. అక్కడి పాతకాలపు మగవాళ్ల మరుగుదొడ్లలో ‘బయటికి వెళ్లేముందు దయచేసి దుస్తులు సర్దుకోండి’ అనే అర్థంతో ఒక బోర్డు ఉండేది. అందులోని క్రియ ఇదే. అలాంటి చోట ముక్కూ మొహం తెలియని కుర్రాడు ఎదురుగా నిలబడి ఆ మాట అంటే ఆవిడ ఒళ్లు చూసుకోవడంలో వింతేముంది? స్కార్ఫుతో పోయింది, సంతోషించండి.

కర్మ లేకుండా వాడటం వాళ్లకూ ఉంది. కొత్త ఊరికి, చలికి, చీకటికి అలవాటు పడటాన్ని అలాగే చెబుతారు. ఆ అర్థం ముదిరింది మాత్రం 20వ శతాబ్దంలో. ‘జరిగి చోటివ్వు’ అన్న అర్థం అక్కడ లేదు. అది మన బస్సుల్లో పుట్టిన అర్థం.

నేను కర్నూలు నుంచి అనంతపురం వెళ్తున్నప్పుడు మీ ఊళ్లోనే చూసిన సంగతి చెబుతాను. డోన్‌లో ఒక పెద్దాయన విత్తనాల సంచితో బస్సెక్కి, ముగ్గురు కూర్చున్న సీటు దగ్గర నిలబడి "రోంత జరుగు నాయనా" అన్నాడు. అంచున కూర్చున్నాయన మోకాలు జరిపాడు. మనిషి జరగలేదు. మీకు తెలిసిందే కదా, మోకాలు లోపలికి లాక్కుంటే మొత్తం జరిగినట్టే కనిపిస్తుంది, అంగుళం కూడా పోదు. వెనకనే ఎక్కిన కాలేజీ కుర్రాడు అది చూసి, "అంకుల్, కొంచెం అడ్జస్ట్ అవ్వండి, తాతను కూర్చోనిద్దాం" అన్నాడు. ఈసారి ముగ్గురూ కదిలారు. కిటికీ పక్కాయన సంచి ఒళ్లోకి తీసుకున్నాడు, మధ్యాయన భుజం ముడుచుకున్నాడు, అంచున ఆయన నిజంగానే జరిగాడు. పెద్దాయన సగం సీటు మీద, సగం గాల్లో గుత్తి దాకా వచ్చాడు.

రెండు మాటలకూ తేడా ఇక్కడుంది. ‘జరుగు’ అంటే ఒక మనిషితో చెప్పడం. ఎవరు కదలాలో అందులో తేలిపోతుంది, కాబట్టి ఆ మనిషికి మొండికేసే వీలూ ఉంటుంది. ‘అడ్జస్ట్’ ఎవరినీ వేలెత్తి చూపదు. అందరూ తలా కాస్త వదులుకుందాం, అడుగుతున్నవాడు కూడా సగం సీటుతోనే సరిపెట్టుకుంటాడు అన్న ఒప్పందం అందులో ఉంది. ఇంత ఒప్పందం లండన్ ఆవిడకు ఎలా తెలుస్తుంది?

ఇక పుట్టుక. మీ మిత్రుడు చెప్పింది తప్పే గానీ, చాలా గౌరవమైన తప్పు. కారణం కాసేపట్లో చెబుతాను.

లాటిన్‌లో ‘యుక్స్తా’ అంటే పక్కన, దగ్గర. దానికి ముందు ‘అద్’ చేరి, లాటిన్ చివరి రోజుల్లో ‘దగ్గరికి చేర్చు’ అనే క్రియ ఏర్పడింది. పాత ఫ్రెంచివాళ్లు దాన్ని ‘చేర్చు, కలుపు’ అనే అర్థంలో వాడుకున్నారు. ఈనాటి ఫ్రెంచిలో కూడికకు వాడే క్రియ ‘అజూతే’ ఈ మాట సంతానమే. ఇంగ్లీషులోకి ఇది రెండుసార్లు వచ్చింది. 14వ శతాబ్దం చివర ‘సరిదిద్దు’ అనే అర్థంతో ఒకసారి, 1600 ప్రాంతంలో ‘అమర్చు, పరిష్కరించు’ అనే అర్థాలతో మరోసారి. 18వ శతాబ్దంలో బీమావాళ్లు నష్టపరిహారం తేల్చడానికి వాడారు.

అంటే ఈ మాట కడుపులో ఉన్నది న్యాయం కాదు, పక్కపక్కకు చేరడం. మన బస్సులో కుర్రాడు ఏ లాటినూ చదవకుండానే దాన్ని మొదటి అర్థానికి తీసుకుపోయాడు.

ఇదే ‘యుక్స్తా’కు ఇంకో సంతానం ఉంది. పాత ఐరోపాలో కవచాలు తొడుక్కున్న వీరులు గుర్రాలెక్కి, పొడుగాటి బల్లేలు పట్టుకుని ఎదురెదురుగా దూసుకొచ్చి పొడుచుకునే ఆటను ఇంగ్లీషులో ‘జౌస్ట్’ అంటారు. దగ్గరికి చేరడం నుంచి ఎదుర్కోవడం, ఎదుర్కోవడం నుంచి పొడుచుకోవడం. ఒక తల్లి బిడ్డల్లో ఒకరు సర్దుకుపోయేవారు, ఒకరు కొట్లాటకు దిగేవారు. పండగ ముందురోజు బస్టాండుకు వెళ్తే ఇద్దరూ ఒకే సీటు దగ్గర కనిపిస్తారు.

ఇంకా లోతుకు వెళ్తే చుట్టరికం మన గడప దాకా వస్తుంది. ‘యుక్స్తా’కు మూలమైన ప్రాచీన ధాతువే సంస్కృతంలో ‘యుజ్’, అంటే కలుపు, కట్టు. యోగం, యుక్తి, సంయోగం దాని సంతతి. ఎడ్ల మెడ మీద పెట్టే కాడిని సంస్కృతంలో ‘యుగం’ అన్నారు. ఇంగ్లీషులో కాడికున్న పేరు ‘యోక్’ కూడా అక్కడిదే. అదే ధాతువు లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు వెళ్లి ‘జాయిన్’, ‘జంక్షన్’ అయింది. కాబట్టి అనంతపురం జిల్లాలో గుంతకల్లు జంక్షన్‌లో దిగి, పొద్దున్నే యోగా చేసి, బస్సులో అడ్జస్ట్ అయిన మనిషి ఒకే ధాతువును మూడుసార్లు వాడినట్టు.

మీ మిత్రుడి దగ్గరికి వస్తాను. 16వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లకూ ఆయనకొచ్చిన ఆలోచనే వచ్చింది. మాటలో ‘జుస్త్’, అంటే న్యాయమైన, సరైన అనే మాట వినిపిస్తోందనుకుని రూపాన్ని దానికి తగ్గట్టు మార్చేశారు. పుట్టుక ‘పక్కన’ నుంచి, రూపం ‘న్యాయం’ నుంచి. ఇంగ్లీషులో ‘ఒక ప్రమాణానికి తగ్గట్టు సరిపెట్టు’ అన్న అర్థం 17వ శతాబ్దంలో కనిపిస్తుంది. దానికి ఈ పొరబాటూ కొంత తోడైందనే నా అభిప్రాయం. తప్పుడు వ్యుత్పత్తి కూడా నలుగురూ నమ్మితే మాట నడకను మార్చగలదు.

దీన్ని చూసి మనం నవ్వే పని లేదు. మా ఊరు పేరే తీసుకోండి. కర్నూలుకు పాత రూపం కందనవోలు. ఆలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన రాసుకునేవనీ, అందుకే కందెనవోలు అనీ ఇక్కడ పుట్టిన ప్రతివాడూ చిన్నప్పుడే వింటాడు. నేనూ విన్నాను, నా మనవడికీ చెప్పాను. మాటలో మనకు తెలిసిన ఇంకో మాట వినిపించగానే కథ అల్లుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

మూడో ప్రశ్న నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే అందులో అనువాదం ఎదురు దిశలో నడిచింది.

"ఒకటో తేదీ దాకా ఐదువేలు అడ్జస్ట్ చెయ్యన్నా" అంటాం. ఇక్కడ అర్థం అప్పివ్వమని. ఇంగ్లీషు అడ్జస్ట్‌కు చేబదులు ఇవ్వడం అనే అర్థం లేదు. లండన్‌లో మీవాడు స్నేహితుణ్ని అలా అడిగితే, ఏ లెక్క సరిచెయ్యాలో తెలియక అతను తెల్లమొహం వేస్తాడు. మరి మనకెక్కడిది? ‘సర్దు’ నుంచి. "ఒక ఐదువేలు సర్దుతావా" అన్నది మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న మాట. అప్పు అనే మాట నోట రాకుండా అప్పడగడానికి దానికన్నా మర్యాదైన తెలుగు లేదు. ఆ ‘సర్దు’ అర్థాన్నే తీసుకెళ్లి ఇంగ్లీషు మాటలో పోశాం. చోటివ్వడమూ అంతే. ‘సర్దుకుని కూర్చోండి’ అనే తెలుగు అడ్జస్ట్‌లోకి దూరింది. చొక్కా ఇంగ్లీషుది, ఒళ్లు మనది. ఇది తెలుగు ఒక్కదాని గొప్పా కాదు. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే బస్సు సరిహద్దు దాటగానే ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ వినిపిస్తుంది. కన్నడంవాళ్లూ వాళ్ల ఇంటి అర్థాన్నే అందులో పోసుకున్నారు.

అయితే ‘సర్దు’ మొత్తం అందులోకి వెళ్లలేదు. ఊరికి వెళ్లేముందు పెట్టె సర్దుతాం, ఎవరూ పెట్టె అడ్జస్ట్ చెయ్యరు. చుట్టాలు వచ్చేలోగా ఇల్లు సర్దుతాం. అలిగిన అత్తకూ కోడలికీ మధ్య కూర్చుని సర్దిచెబుతాం. ఈ సర్దిచెప్పడం అన్న మాటకు అడ్జస్ట్‌తో దారే లేదు. అటు నుంచి చూస్తే, కుట్టుమిషను దగ్గర ఇంకోలా ఉంటుంది. దారం తెగుతుంటే టైలరు "టెన్షన్ అడ్జస్ట్ చెయ్యి" అని కుర్రాడికి చెబుతాడు. అక్కడ ‘సర్దు’ అతకదు. ‘బిగుతు సరిచెయ్యి’ అనాలి. దారానికి టెన్షన్ ఉంటుందని ఆ షాపులో విన్నప్పుడు, మనకే అనుకున్నానే అనిపించింది. అద్దం, కుర్చీ, మిషను లాంటి వస్తువులకు సరిచేయడం. మనుషులు, డబ్బు, చోటు దగ్గర సర్దడం. ఇంగ్లీషులో ఒక మాటైన చోట తెలుగుకు కనీసం రెండు కావాలి.

పెళ్లిసంబంధాల్లో ‘మా అమ్మాయి అడ్జస్ట్ అయిపోతుందండీ’ అంటారు. దానికి తెలుగు ‘సర్దుకుపోతుంది’. ‘సర్దుకుంటుంది’కీ దీనికీ తేడా గమనించండి. సర్దుకోవడం ఒక పూట పని. ‘పోవు’ చేరితే అదే బతుకు తీరు, కలుపుకుపోవడం లాగా. ఆ వాక్యం అబ్బాయి తరఫువాళ్ల నోట నేను పెద్దగా విన్నది లేదు. అది వ్యాకరణం సంగతి కాదు కాబట్టి వదిలేస్తాను.

‘సర్దుబాటు’ అనువాదమేమీ కాదు, రూపం నిఖార్సైన తెలుగు. పడు అనే క్రియకు నామం పాటు. ఏర్పడితే ఏర్పాటు, పొరబడితే పొరబాటు, తడబడితే తడబాటు, కట్టుబడితే కట్టుబాటు. ఆ కోవలోనే తిరుగుబాటు, దిద్దుబాటు, సర్దుబాటు. (ఎడబాటును మాత్రం ఈ వరసలో కూర్చోబెట్టకండి. అది ఎడబాయు నుంచి వచ్చింది, వేయుకు వేటు వచ్చినట్టు.) ఆఫీసులవాళ్లు ఈ మాటను నలగ్గొట్టిన మాట నిజమే. టీచర్లకు పని సర్దుబాటు, కరెంటు బిల్లులో ఇంధన సర్దుబాటు ఛార్జీలు, ఎన్నికలొస్తే పార్టీలకు సీట్ల సర్దుబాటు. ఈ చివరిదాన్ని పేపర్లో చూసినప్పుడల్లా నాకు డోన్ పెద్దాయనే గుర్తొస్తాడు. నలిగినా తెలుగు తెలుగే. కాగితం మీద సర్దుబాటు అని నిస్సంకోచంగా రాయండి. మాటల్లో అడ్జస్ట్ వస్తే రానివ్వండి, నేనూ అంటాను.

అలా అనేటప్పుడు మన వ్యాకరణం దానికి కాపలా కాస్తూనే ఉంటుంది. ఇంగ్లీషులో అన్నిటికీ ఒకే అడ్జస్ట్. మనకు కుర్చీ అడ్జస్ట్ చేస్తాం, మనం అడ్జస్ట్ అవుతాం, డబ్బులు అడ్జస్ట్ చేసుకుంటాం. చేయు, అవు, చేసుకొను లేకుండా ఆ మాట తెలుగు వాక్యంలో అడుగు వెయ్యలేదు. ఉర్దూ, హిందీల నుంచి వచ్చిన దబాయించు, బనాయించు, చెలాయించు లాంటివాటికి ‘ఇంచు’ తగిలించి పూర్తిగా ఇంట్లో మనుషుల్ని చేసుకున్నాం. ‘అడ్జస్టించు’ అని ఇంకా ఎవరూ అనడం లేదు. ఇంగ్లీషును వసారా దాకానే రానిచ్చినట్టున్నాం.

మా వైపు పల్లెల్లో ‘అజ్జస్టు’ అంటే చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వక్కర్లేదు. ఇంగ్లీషువాళ్లూ ‘అజస్ట్’ అనే పలుకుతారు, ఆ ‘డ్’ రాతలో ఉన్నదే గానీ విడిగా నోట వచ్చేది కాదు. 14వ శతాబ్దపు ఇంగ్లీషు రూపంలో ఆ అక్షరమే లేదు. లాటిన్ మీద మోజుతో తర్వాత రాతలో చేర్చారు. ఆ లెక్కన ‘అడ్‌జస్ట్’ అని విడదీసి ఒత్తి పలికే మనకన్నా, అజ్జస్టు అనే ముసలమ్మే అసలుకు దగ్గర.

మీ అబ్బాయికి ఈసారి ‘మూవ్’ అనే క్రియతో అడగమనండి, కొంచెం పక్కకు జరుగుతారా అని. లండన్‌లో పనికొచ్చేది కాలేజీ కుర్రాడి మాట కాదు, విత్తనాల సంచి పెద్దాయన మాట. ‘నాయనా’ను మాత్రం ఏమని మారుస్తాడో వాడిష్టం.