దేవుడి ముందు ఏడ్చాను, ఇంకా చెప్పాలా?

ప్రశ్న: అయ్యగారూ వందనాలండి. మా సంఘంలో స్త్రీల సమాజం డబ్బులు నా దగ్గరే ఉంటాయి. పోయినేడు మా అబ్బాయి కాలేజీ ఫీజు అర్జెంటుగా కట్టాల్సొచ్చి అందులోంచి 12 వేలు వాడకం అయిపోయింది, తిరిగి పెట్టడం కుదర్లేదు, పుస్తకంలో వేరే ఖర్చు కింద రాయాల్సి వచ్చింది. ఆ టైంలో సాతాను గట్టిగా శోధించాడు. నేను దేవుడి ముందు ఎన్నో రాత్రులు ఏడ్చాను, అయినా మనసుకి నెమ్మది లేదు. ఆయన క్షమించాడని నమ్మితే చాలదా?
- ఒక సహోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. డబ్బు "వాడకం అయిపోయింది", లెక్క "రాయాల్సి వచ్చింది", సాతాను "శోధించాడు". ఏడ్చింది మాత్రం "నేను" అని రాశారు, తీసింది ఎవరో రాసింది ఎవరో ఎక్కడా లేదు. మీకు నెమ్మది లేకపోవడానికి కారణం అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

ఇది ఆదికాండం 3వ అధ్యాయం నుంచీ ఉన్నదే, ఆదాము హవ్వని చూపించాడు, పైగా నువ్విచ్చిన స్త్రీయే అని దేవుడి మీదకీ నెట్టాడు, హవ్వ సర్పాన్ని చూపించింది. సాతాను శోధిస్తాడు, కాదనను, కానీ యాకోబు 1:14 చూడండి, ప్రతివాడూ తన సొంత దురాశ చేత ఈడవబడతాడు అంటాడు. శోధించింది వాడే అనుకున్నా పెన్ను పట్టుకున్న చెయ్యి మీదే కదమ్మా.

ఇశ్రాయేలు రాజులు సౌలు, దావీదు ఇద్దరూ "పాపం చేశాను" అన్నవాళ్లే. సౌలు మొదట తప్పు జనం మీద పెట్టాడు, తర్వాత ఒప్పుకుని కూడా పెద్దల ముందు నా పరువు నిలబెట్టు అని సమూయేలు ప్రవక్తని బతిమాలాడు (1 సమూయేలు 15). పరాయివాడి భార్య బత్షెబ విషయంలో నాతాను ప్రవక్త అడిగినప్పుడు దావీదు పాపం చేశాను అన్నాడంతే, ఆమె పేరెత్తలేదు, పరిస్థితుల గురించి చెప్పలేదు.

ఇక చాలదా అన్నారు. క్షమాపణ కొనుక్కునేది కాదు, పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తాననకముందే యేసు అతని ఇంటికొస్తానన్నాడు. కానీ ఆ ఇంటికి ఆయనొచ్చాక జక్కయ్య డబ్బు దాచుకోలేకపోయాడు. లేవీయకాండం 6లో అయితే అసలుకి ఐదో వంతు కలిపి, సొంతదారుడికే ఇవ్వమని ఉంది, మీ లెక్కన 14,400. అంత కట్టితీరాలని నేననను, కానీ ఆ 12 వేలు ఆడవాళ్లు పది ఇరవై చొప్పున వేసినవి, వాళ్లకి తెలియకుండా దేవుడితో మాత్రమే సెటిల్ చేసుకోవడం న్యాయం కాదు.

భయం నాకు అర్థమవుతుంది, మన ఊళ్లల్లో ఆడవాళ్ల మీద మాట ఎంత తొందరగా పాకుతుందో. అందుకే మొత్తం సంఘం ముందు నిలబడమనను. మీ పాస్టరుగారికీ స్త్రీల సమాజం అధ్యక్షురాలికీ చెప్పండి, ఫీజు సంగతి తర్వాత, "నేను తీశాను, తప్పు లెక్క నేనే రాశాను" అన్న మాట ముందు. ఒకేసారి కట్టలేకపోతే నెలకి వెయ్యి అని అడగండి. వెళ్లేటప్పుడు లెక్కల పుస్తకం కూడా పట్టుకెళ్లి వాళ్ల చేతికిచ్చేయండి.