శ్రీశైలం కాలినడకలో మా ఆయన నన్ను వదిలేసి ముందు పోతాడు

ప్రశ్న: మాది కర్నూలు. నాకు 36, ఆయనకు 41. పోయిన శివరాత్రికి మొక్కు కోసం ఇద్దరం ఇంటి నుంచి శ్రీశైలం దాకా నడిచి పోయినాం. ఆయన మా వీధి స్నేహితులతో ముందు పోతాడు, నేను వెనక ఒక్కదాన్నే. వాళ్ళు ఎక్కడో కూర్చుని ఉంటారు, నేను చేరేసరికి లేచి బయలుదేరతారు. ఆయనకు షుగర్ ఉంది. పొద్దున మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినడు, మొక్కు అంటాడు. పదకొండు దాటితే ప్రతిదానికీ అరుపులే. అడవిలో నాకు మడమలు బొబ్బలెక్కి కుంటుతుంటే నలుగురిలో "నీ వల్ల మొక్కు చెడింది" అన్నాడు. తిరిగొచ్చినాక చాలా రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు. ఇంట్లో ఇట్లాంటి మనిషి కాదు. ఈసారి మళ్ళీ పోదామంటున్నాడు. పోవాలా, వద్దా? మా ఇద్దరి మధ్యే ఏదైనా తేడా ఉందా?

జవాబు: అమ్మా, మీరు రాసిన గొడవల్లో చాలా భాగం కాళ్ళవి, కడుపువి, నీళ్ళవి. వాటిని సరిచేయవచ్చు. అడవిలో మిమ్మల్ని ఒంటరిగా వెనక వదిలేయడం, నలుగురిలో ఆ మాట అనడం మాత్రం వేరు. అవి ఆయనతో కూర్చుని మాట్లాడాల్సినవి. ఈ రెంటినీ కలిపి చూస్తే "మా కాపురమే ఇంత" అనిపిస్తుంది. విడదీసి చూద్దాం.

ముందు నడక వేగం. తారురోడ్డు మీద ఆయన గంటకు ఐదు కిలోమీటర్లు, మీరు నాలుగు నడుస్తారనుకుందాం. ఇరవై కిలోమీటర్ల రోజున ఆయన నడక నాలుగు గంటలు, మీది ఐదు. ఆ మిగిలిన గంటంతా ఆయన చెట్టు నీడన కూర్చుని మీ కోసం చూస్తారు. మీరు రాగానే లేస్తారు. అంటే ఆయనకు గంట విశ్రాంతి, మీకు సున్నా. మూడో రోజుకు మీ కాళ్ళు పనిచేయకపోవడానికి, ఆయన విసుక్కోవడానికి ఇదొక్కటే చాలు. ఆయన దృష్టిలో తాను మీ కోసం ఎంతోసేపు ఆగినట్టు, మీ దృష్టిలో ఆయన ఒక్కసారీ ఆగనట్టు. ఇద్దరి మాటా నిజమే.

దీనికి రెండు కట్టుబాట్లు చేసుకోండి. నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుండాలి, వేగంగా నడిచేవాళ్ళు వెనక రావాలి. వెనకున్నవాళ్ళ అడుగుల చప్పుడు తరుముతున్నట్టు వినబడకుండా పది పదిహేను అడుగుల ఎడం ఉంచుకోవాలి. ఇక విశ్రాంతి లెక్క చివర వచ్చినవాళ్ళు కూర్చున్నప్పటి నుంచి మొదలవ్వాలి. గంటన్నర నడక, పది నిమిషాల కూర్చోవడం. కూర్చున్న వెంటనే "ఇంకెంత దూరం", "ఈ రాత్రి ఎక్కడ" లాంటి మాటలు ఎత్తొద్దు. నీళ్ళు తాగి, నాలుగు బుడ్డలు (వేరుశనగలు), ఓ బెల్లం ముక్క తిన్నాక మాట్లాడుకోండి. దారిలో తగువులు ఎక్కువగా ఖాళీ కడుపుతో, నిలబడి ఉన్నప్పుడే పుడతాయి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆయన షుగర్ మాత్ర సంగతి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకుని తినకుండా నడిస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. అప్పుడు చెమటలు, వణుకు, గుండె దడ, దానితోపాటు కారణం లేని కోపం వస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ ప్రమాదం తక్కువ. ఆయన పదకొండు గంటల అరుపులకు ఇదే కారణమని ఇక్కడి నుంచి నేను చెప్పలేను గానీ, ముందు తేల్చుకోవాల్సింది ఇదే. బయలుదేరడానికి నెల ముందే డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళి, రోజుకు ఎన్ని గంటలు నడుస్తారో చెప్పి, ఆ రోజుల్లో మాత్ర ఎంత, ఎప్పుడు అని అడగండి. మాత్ర వేసుకుని ఉపవాసం ఉండటం వద్దని డాక్టరు నోటితోనే చెప్పించండి. మీరు చెబితే అది మొక్కుకు అడ్డుపడినట్టు వినిపించవచ్చు. దారిలో ఆయన వణుకుతూ, మాట తడబడుతూ ఉంటే వాదనకు దిగకండి. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక రొట్టో అన్నమో తినిపించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, వెంటనే వైద్య సాయం పిలిపించండి. షుగర్ ఉన్నవాళ్ళు వట్టికాళ్ళతో నడవకూడదు. పాదం మొద్దుబారి ఉంటే ముల్లు దిగినా తెలియదు. రోజూ సాయంత్రం ఆయన అరికాళ్ళు మీరు, మీ మడమలు ఆయన దీపం వెలుగులో చూడండి. రోజులో అది ఒకరినొకరు ముట్టుకుని మాట్లాడుకునే ఐదు నిమిషాలు కూడా అవుతుంది.

ఇక మీ బొబ్బలు. కొత్త చెప్పులు, తడిసిన నూలు సాక్సులు, రాపిడి, ఈ మూడూ కలిస్తే బొబ్బ లేస్తుంది. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది గనుక బూట్లు మామూలు సైజు కంటే అర సైజు పెద్దవి తీసుకుని, యాత్రకు ముందే యాభై కిలోమీటర్లయినా వాటితో నడవండి. చెమటను త్వరగా ఆరనిచ్చే పాలిస్టర్ లేదా ఉన్ని సాక్సులు రెండు జతలు చాలు. ఒకటి కాళ్ళకు, ఒకటి సంచి మీద ఆరుతూ. మడమ దగ్గర మంటగా అనిపించిన నిమిషంలోనే ఆగి కాగితపు ప్లాస్టరు అంటించాలి. పోయినేడు మీరు ఆగలేదు, ఎందుకంటే ఆగితే ఇంకా వెనకబడతారు. వేగం గొడవే బొబ్బ గొడవ అయింది. బొబ్బ లేస్తే పైతోలు పీకకండి. మరీ పెద్దదై నొప్పి పెడితే శుభ్రం చేసిన సూదితో అంచున గుచ్చి నీరు పోనిచ్చి, తోలు అలాగే ఉంచి కట్టు కట్టాలి. ఆయన పాదానికి మాత్రం ఇంట్లో సూది తగలనివ్వకండి. తొడలు ఒరుసుకునే చోట పొద్దున్నే వాసెలిన్ రాసుకోండి. ఇది ఇద్దరికీ అవసరం, సిగ్గుపడి ఊరుకుంటే రెండో రోజుకు అడుగు పడదు.

మీరు రాయనిది ఒకటి అడుగుతాను. దారిలో మీరు నీళ్ళు తక్కువ తాగారా? చాలామంది ఆడవాళ్ళు మరుగు దొరకదని గుక్కెడు నీళ్ళతో రోజంతా గడుపుతారు. తలనొప్పి, కళ్ళు తిరగడం, ఒంటేలు మంట అక్కడే మొదలవుతాయి. నడిచే ప్రతి గంటకూ అర లీటరు, ఎండెక్కితే ముప్పావు లీటరు కావాలి. రోజుకు ఒకటి రెండు సార్లు ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్ళలో కలుపుకోండి. లేకుంటే లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తల గొట్టి. షుగరున్న ఆయన ఏది తాగాలో డాక్టరును అడగండి. మీరు పక్కకు వెళ్ళినప్పుడు దారి వైపు నిలబడి కాపు కాయడం ఆయన పని అని ముందే చెప్పండి. భర్త తోడు నడవడంలో అతి ముఖ్యమైన పని ఇదేనని నా అభిప్రాయం. నెలసరి ఆ రోజుల్లో వచ్చేట్టుంటే వాయిదా మాత్రలు మందుల షాపులో అడిగి వేసుకోకండి, రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవాళ్ళకు అవి పడవు. డాక్టరు చూసి రాయాలి. వాడిన ప్యాడ్లు అడవిలో పారేయకుండా కాగితంలో చుట్టి వెంట తెచ్చుకోవాలి.

దారిని రెండు ముక్కలుగా అనుకోండి. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు దాకా అరవై కిలోమీటర్లకు పైగా రోడ్డు. ఇక్కడ ఎండే శత్రువు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి తొమ్మిదిన్నర లోపు ముగించి, మధ్యాహ్నమంతా నీడన పడుకుని, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా నడవండి. ఎదురొచ్చే వాహనాలు కనబడేట్టు రోడ్డుకు కుడివైపున నడవాలి. వీపుకు మెరిసే పట్టీ, చేతిలో టార్చి ఉండాలి. వెంకటాపురం దాటితే నల్లమల. అక్కడి నుంచి నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నలభై కిలోమీటర్లకు పైగా. అది పులుల అభయారణ్యం, పండుగ రోజుల్లోనే ఈ దారిన జనాన్ని వదులుతారు. అక్కడ వేళలు మార్చుకోవాలి. పూర్తిగా తెల్లారాకే బయలుదేరి, చీకటి పడకముందే బస చేరాలి. చాలాచోట్ల ఫోను సిగ్నలు ఉండదు గనుక "ఫోన్ చేస్తాలే" అన్న మాట అక్కడ చెల్లదు. భీముని కొలను వైపు రాతి మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళ మీద బరువంతా పడుతుంది. చిన్న అడుగులు, చేతిలో కర్ర, తొందర లేకుండా. తర్వాత కైలాసద్వారం ఎక్కుడు ఊపిరి తీయనివ్వదు. ఆ రెండు చోట్లా మీ సంచిలోంచి రెండు కిలోలు ఆయన సంచిలోకి మారాలి.

మూట మొత్తం మీ బరువులో పదో వంతుకు మించకూడదు. అంటే నీళ్ళతో కలిపి ఐదారు కిలోలు. సద్దికి జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, బొరుగులు, పప్పులు చాలు. దారిలో అన్నదానాలు కూడా ఉంటాయి. ఇంట్లో పనుల పంపకం ఎలా ఉన్నా, బస చేరాక సమంగా పంచుకోండి. నీళ్ళు పట్టుకురావడం, దుప్పటి పరవడం ఆయన. రేపటి తిండి, మందులు సర్దడం మీరు. ఆయన బట్టలు ఆయనే పిండుకుంటారు. ఇరవై కిలోమీటర్లు నడిచొచ్చిన ఆడమనిషికి ఇంటిచాకిరీ కూడా తోడైతే ఏ సర్దుబాటూ నిలవదు.

ఇప్పుడు ఆ మాట గురించి. "నీ వల్ల మొక్కు చెడింది" అన్నప్పుడు ఒంట్లో చక్కెర పడిపోయి ఉండొచ్చు. తర్వాత ఇన్నాళ్ళూ దాన్ని వెనక్కి తీసుకోకపోవడానికి ఆ సాకు లేదు. యాత్ర మాట ఎత్తకముందే, పిల్లలు గానీ పెద్దవాళ్ళు గానీ లేని సమయం చూసి చెప్పండి: "ఆ రోజు అడవిలో ఒక్కదాన్నే నడుస్తుంటే భయమేసింది. అందరిలో ఆ మాట అంటే చానా బాధైంది. ఈసారి కంటికి కనబడేంత దూరంలోనే నడవాల, ఒప్పుకుంటేనే వస్తా." ఇంతే. పాత లెక్కలేవీ కలపకండి. స్నేహితులతో నడవాలని ఆయనకు ఉండటం తప్పేమీ కాదు. అయితే రోడ్డు మీద ఒక పూట వాళ్ళతో నడిచి, అడవిలో పూర్తిగా మీతో ఉండాలి. ఇంట్లో కూడా భయపెట్టడం, చెయ్యెత్తడం ఏనాడైనా జరిగి ఉంటే నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

పోవాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. యాత్రకు ఎనిమిది వారాల ముందు నుంచి వారంలో నాలుగు రోజులు కేసీ కెనాల్ గట్టున ఐదు కిలోమీటర్లు కలిసి నడవండి. ఆదివారాలు ఎనిమిది, పన్నెండు, పదిహేను ఇలా పెంచుతూ, నాలుగో ఆదివారం సంచులు వేసుకుని జగన్నాథగట్టు ఎక్కి దిగండి. తర్వాతి వారాల్లో ఒకసారి శని, ఆదివారాలు రెండు రోజులూ వరసగా పదిహేనేసి నడవండి. రెండో రోజు పొద్దున మీ కాళ్ళూ ఆయన మాటతీరూ ఎలా ఉన్నాయో అదే అసలైన పరీక్ష. మీరు ముందు, ఆయన వెనక నడిచి ఆ రెండు రోజులూ గడిస్తే ధైర్యంగా బయలుదేరండి. అప్పటికీ ఆయన మలుపు తిరిగి కనబడకుండా పోతుంటే అడవిదారిన ఆయనతో వెళ్ళకండి. తెలిసిన ఆడవాళ్ళున్న బృందంతో నడవండి, లేదా బస్సులో హటకేశ్వరం దాకా వెళ్ళి, అక్కడి నుంచి మిగిలిన కొద్ది దూరం నడిచి మల్లన్నను చూసి రండి.