జోసెఫ్ బ్రాంట్‌ను బ్రిటిష్ వారి తొత్తు అనవచ్చా?

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన పోరాడిన మోహాక్ అనే ఆదివాసీ జాతి నాయకుడు జోసెఫ్ బ్రాంట్‌ను వారి తొత్తు అనవచ్చా అని అడిగారు. ఆయన పేరు మీద వెలసిన కెనడా పట్టణం బ్రాంట్‌ఫర్డ్‌లో ఉద్యోగరీత్యా ఉంటున్న నాకు ఆ మాట పూర్తిగా అన్యాయమనిపిస్తుంది. 1776లో లండన్‌లో మూడవ జార్జిని కలిసివచ్చి ఆయన ఆయుధం పట్టింది రాజభక్తితో కాదు, మోహాక్ లోయలోకి చొచ్చుకువస్తున్న వలసదారుల నుండి తన వారి భూమిని నిలుపుకోవడానికి.

ఆయనను క్రూరుడనేవారు న్యూయార్క్‌లోని చెర్రీ వ్యాలీ అనే ఊరిపై జరిగిన దాడినే చూపిస్తారు, కానీ దానికి నెల ముందు అమెరికన్ దళాలు ఆయన స్థావరమైన ఒనక్వాగా గ్రామాన్ని తగులబెట్టిన సంగతి చెప్పరు. 1778 నవంబరు 11న జరిగిన ఆ దాడికి సేనాని బ్రాంట్ కాదు, బ్రిటిష్ పక్షపు వాల్టర్ బట్లర్ అనే యువ కెప్టెన్. దాడి రాబోతున్నదని అమెరికన్ల పక్షాన ఉన్న ఒనైడా ఆదివాసులు ముందే హెచ్చరించినా అక్కడి కోటకు అమెరికన్ అధిపతి అయిన కల్నల్ ఆల్డెన్ లెక్కచేయక కోట బయట ఒక ఇంట్లో బస చేశాడు. చివరికి కోటవైపు పరుగెత్తుతూ హతుడయ్యాడు. ఆపై బట్లర్ వెంట వచ్చిన సెనెకా అనే ఆదివాసీ జాతి యోధులు ఇళ్ల మీద పడగా, స్త్రీలు, పిల్లలతో సహా సుమారు 30 మంది పౌరులు మరణించారు. బ్రాంట్ కొన్ని కుటుంబాలను కాపాడగలిగాడు గాని, తన ఆజ్ఞకు లోబడని వారిని ఆపలేకపోయాడు. ఆ ఏడాది జూలైలో జరిగిన వయోమింగ్ లోయ పోరులోనైతే ఆయన అసలు లేనే లేడు; అయినా ఒక స్కాట్లాండ్ కవి 1809లో ఆయనను రాక్షసుడిగా చిత్రించాడు, ఆ మచ్చ తుడవడానికి బ్రాంట్ కుమారుడు జాన్ లండన్‌లో సాక్ష్యాలు చూపవలసివచ్చింది.

మా ఇంటికి వచ్చే బంధువులందరూ నయాగరా చూడాలంటారు. దారిలో ఇక్కడి విక్టోరియా పార్కులో ఉన్న బ్రాంట్ స్మారకం దగ్గర ఐదు నిమిషాలు ఆగమంటే మాత్రం విసుక్కుంటారు. 1886లో ఆవిష్కరించిన ఆ విగ్రహాలను బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన పాత కంచు ఫిరంగులను కరిగించి పోశారు. నాకు దానిని చూసినప్పుడల్లా కోపమే వస్తుంది, ఎందుకంటే 1783 పారిస్ ఒప్పందంలో అదే బ్రిటన్ తన కోసం పోరాడిన ఈ జాతుల పేరైనా ఎత్తకుండా వారి నేలను అమెరికాకు వదిలేసింది. ద్రోహం ఎవరిదని అడిగితే నా సమాధానం అదే. బ్రాంట్ పట్టుబట్టగా 1784లో బ్రిటిష్ వారు మోహాక్, సెనెకా వంటి ఆరు జాతుల కూటమికి ఇక్కడి గ్రాండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్ల నేల ఇచ్చారు. అందులో పెద్ద భాగాన్ని తెల్లవారికి అమ్మించింది ఆయనే కనుక ఆయనను దేవుణ్ణి చేయవలసిన పనీ లేదు. ఆ నేలలో నేడు ఆరు జాతుల చేతిలో మిగిలింది సుమారు ఐదు శాతం.