ఆది జాకెట్టు తెలిసిన అమ్మకు గిట్‌ఆప్స్ కొత్తేమీ కాదు

ప్రశ్న: మాది తెనాలి. టైలరింగ్ షాపు నడుపుతాను. మా అబ్బాయి 2024లో బీటెక్ ఈసీఈ పూర్తిచేశాడు. ఏడాదిన్నరగా అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి డెవ్‌ఆప్స్ నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు కుబెర్నెటీస్, గిట్‌ఆప్స్ అంటూ ఇంకో కోర్సుకి 65 వేలు అడుగుతున్నాడు. ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు హెల్మ్ నేర్చుకోమంటున్నారట, వాడి ఫ్రెండేమో కస్టమైజ్ చాలంటున్నాడట. ఈ రెండింటిలో ఏది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ ఉన్నట్టు రెజ్యూమె కూడా తయారుచేసి ఇస్తామంటున్నారు. పెట్టించమంటారా? మా ఆడపడుచు కొడుకు డాలస్‌లో ఇదే పనిలో బాగా స్థిరపడ్డాడు.

జవాబు:

అమ్మా, మీరు అడిగింది రెండు టూల్స్ గురించి. మీకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. ఏడాదిన్నరగా పిల్లాడు నల్లటి తెర ముందు కూర్చుని ఏదో కొడుతున్నాడు. ఏం చేస్తున్నావురా అంటే ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పడు. అసలు నేర్చుకుంటున్నాడా, రోజులు దొర్లిస్తున్నాడా? ఇదే కదా మీ టెన్షన్! ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, చివర్లో డాలస్ బంధువు మాత్రం తప్పకుండా ఉంటాడు.

అందుకని వాడు చేసే పనేమిటో ముందు చెప్తాను. డెవ్‌ఆప్స్ అంటే, రాసిన సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీదికి చేర్చి ఆగకుండా నడిపించే పని. అది మీ వృత్తిలోనే ఉంది.

మీ షాపుకి వచ్చినావిడ ఆది జాకెట్టు చేతిలో పెట్టి ఏమంటుంది? "ఇదే కొలత, చేతులు మాత్రం ఒక అంగుళం పొడుగు, వెనక మెడ కాస్త పైకి." మీరు ఆది జాకెట్టుకి కత్తెర తగలనివ్వరు. దాన్ని దాని మానాన ఉంచి, మార్పులు మాత్రం పుస్తకంలో రాసుకుంటారు. కస్టమైజ్ అనే టూల్ చేసేది ఇదే. ఒక అప్లికేషన్‌ని కంటెయినర్లో, అంటే దానికి కావాల్సినవన్నీ కట్టిన మూటలో, పెట్టి సర్వర్ల మీద నడిపించే సాఫ్ట్‌వేర్ కుబెర్నెటీస్. దానికి ఎన్ని కాపీలు నడవాలి, ఒక్కోదానికి ఎంత మెమొరీ, ఏ వెర్షన్ ఇమేజ్ (ఆ మూటకి అచ్చు) అన్నీ యామల్ అనే సాదా టెక్స్ట్ ఫైళ్లలో రాసివ్వాలి. ఆ మూల ఫైళ్లుండే ఫోల్డర్ని బేస్ అంటారు. అదే ఆది జాకెట్టు. డెవలపర్లు పరీక్షించుకునే చోట ఒక కాపీ నడిస్తే చాలు. కస్టమర్లు వాడే ప్రొడక్షన్లో మూడు కావాలి, మెమొరీ కూడా ఎక్కువ కావాలి. ఈ తేడాలు మాత్రం రాసిన చిన్న ఫోల్డర్లని ఓవర్‌లేలు అంటారు.

హెల్మ్ దారి వేరు. అచ్చేసిన ఫారంలో ఛాతీ ఇంత, నడుము ఇంత అని ఖాళీలు వదిలి నింపమన్నట్టు ఉంటుంది. వాల్యూస్ ఫైల్లో అవి నింపితే పూర్తి ఫైళ్లు తయారవుతాయి. బయటివాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్‌ని, డేటాబేసో మానిటరింగో, తెచ్చి పెట్టుకోవడానికి హెల్మ్ హాయి. సొంత అప్లికేషన్‌కి రెండు మూడు చోట్ల నాలుగు తేడాలుంటే కస్టమైజ్ తేలిక. పైగా అది 2019లోనే కుబెర్నెటీస్ కమాండ్ కుబ్‌సీటీఎల్‌లో కలిసిపోయింది, విడిగా దించుకోనక్కర్లేదు. చాలాచోట్ల రెండూ పక్కపక్కనే వాడతారు. మీరడిగిన పోలిక ఇంతే. ఇంకో రెండు పేజీలు రాయగలను గానీ, మీవాడి ఉద్యోగం అక్కడ తేలదు. ఒకటి చేతికి బాగా అలవాటైతే రెండోది రెండు వారాల పని.

ఇక గిట్‌ఆప్స్. మీ కొలతల పుస్తకాన్నే గిట్ అనుకోండి. ఎవరు, ఎప్పుడు, ఏ కొలత మార్చారో పాత రాతతో సహా అందులో ఉంటుంది. సర్వర్ మీద ఎవరూ చేత్తో ఏదీ మార్చకూడదు, మార్పంటూ ఉంటే పుస్తకంలో రాయాలి. ఆర్గో సీడీ అనే సాఫ్ట్‌వేర్ సుమారు మూడు నిమిషాలకోసారి పుస్తకం చూసి, సర్వర్లో నడుస్తున్నదానితో పోల్చి, తేడా ఉంటే చెప్తుంది. సెల్ఫ్ హీల్ అనే సెట్టింగు పెట్టి ఉంటే తనే పుస్తకంలో ఉన్నట్టు సరిచేసేస్తుంది. అర్ధరాత్రి ఎవరో కంగారులో మార్చి మర్చిపోయినవన్నీ అలా బయటపడతాయి. నేను సర్వర్ల పనిలో ఉన్న రోజుల్లో ఇది లేదు. ఎవరు ఏం మార్చారో తెలియక తెల్లవార్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్న రాత్రులు ఇప్పటికీ గుర్తున్నాయి. కాబట్టి పద్ధతి మంచిదే.

ఈ ఫ్యాషన్ మీదే నాకు అనుమానం. గిట్‌ఆప్స్ అనే మాటని 2017లో ప్రచారంలోకి తెచ్చింది వీవ్‌వర్క్స్ అనే కంపెనీ. ఆ కంపెనీ 2024 ఫిబ్రవరిలో మూతపడింది. వాళ్లు మొదలుపెట్టిన ఫ్లక్స్ అనే టూల్ మాత్రం బతికే ఉంది, ఎందుకంటే అది అప్పటికే ఓపెన్ సోర్స్ ఫౌండేషన్ నీడకి చేరింది. హెల్మ్ సంగతీ చూడండి. రెండో వెర్షన్లో టిల్లర్ అనే భాగం ఉండేది, దాన్ని ఎలా పెట్టాలో భద్రంగా నోట్సు రాసుకున్నారు పిల్లలు. 2019లో మూడో వెర్షన్ వచ్చేసరికి దాన్ని పూర్తిగా తీసిపారేశారు. టూల్ పేరు మీద 65 వేలు పెట్టే ముందు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

అంతకన్నా పెద్ద అనుమానం ఇంకోటి ఉంది. అమీర్‌పేట బోర్డుల మీద అది కనిపించదు. ప్రొడక్షన్ సర్వర్ల తాళాలు ఏ కంపెనీ అయినా కొత్తగా చేరినవాడి చేతికి ఎందుకిస్తుంది? మీరు మాత్రం మొన్న చేరిన పిల్లకి పెళ్లి పట్టుచీర జాకెట్టు కత్తిరించమని ఇస్తారా? ముందు హుక్కులు, కాజాలు. డెవ్‌ఆప్స్‌లో ఫ్రెషర్ పోస్టులు తక్కువ. ఉన్నవాటికి కూడా లైనక్స్, నెట్‌వర్కింగ్ గట్టిగా వచ్చినవాడిని చూస్తారు. ఇంకో మాట, చాలా చిన్న కంపెనీలకి కుబెర్నెటీస్ అవసరమే లేదు. ఒక సర్వరు, దాని మీదే కంటెయినర్లని నడిపే డాకర్ కంపోజ్ ఫైలొకటి ఉంటే వాళ్ల పని నడిచిపోతుంది. అక్కడ ఆర్గో సీడీ పెట్టడమంటే రెండు గదుల ఇంటికి లిఫ్టు కట్టినట్టు. ఈ మాట అంటే ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు నన్ను పాతకాలంవాడంటారు. అననివ్వండి.

మీవాడు ప్రొడక్షన్ సపోర్ట్, లైనక్స్ అడ్మిన్, బ్యాక్ఎండ్ టీములో జూనియర్, ఏ తలుపు తెరుచుకుంటే అందులోంచి లోపలికి వెళ్లాలి. రాత్రి షిఫ్టులుంటాయి, మొదటి జీతం చిన్నగా ఉంటుంది. లోపలికెళ్లాక ఏడాదికో రెండేళ్లకో ఈ గిట్‌ఆప్స్ పని దానంతట అదే చేతికొస్తుంది.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త కోప్పడాలి, ఏమనుకోకండి. లేని మూడేళ్ల అనుభవం పెట్టించమంటారా అని అడిగారు చూడండి, ఆ వాక్యం మీరు రాయకుండా ఉండాల్సింది. వద్దు! పీఎఫ్ యూఏఎన్ నంబరు తెరిస్తే ఎవడు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశాడో కనిపిస్తుంది, కంపెనీలు అది చూస్తాయి. దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది. దొరక్కపోయినా మూడేళ్ల అనుభవం ఉన్నవాడని నమ్మి మొదటి వారమే పెద్ద పని అప్పజెప్తారు, అప్పుడు వాడు పడే నరకం మీకు ఫోన్లో కూడా చెప్పడు. కొలత తప్పు రాసి ఇచ్చిన కస్టమర్ని మీరే తిట్టుకుంటారు కదా, కొడుకు కొలతలు మీరే తప్పు రాస్తానంటే ఎలా?

డాలస్ బాబు పోలిక కూడా ఆపండి. అతను ఏ సంవత్సరంలో, ఏ చదువుతో, ఎన్ని తిప్పలు పడి వెళ్లాడో మీ ఉత్తరంలో లేదు. మీకూ తెలిసి ఉండదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ఏం కాలేదా" అని అడుగుతుంటే, అడిగిన ప్రతిసారీ వాడు ఇంకో కోర్సు పేరు చెప్తాడు. కోర్సు పేరు చెప్తే మీరు వారం రోజులు ఊరుకుంటారని వాడికి తెలిసిపోయింది.

అలాగని పిల్లాడు పాడైపోతున్నాడని బెంగపెట్టుకోకండి. మీ ఉత్తరంలోనే నాకొక మంచి ఆనవాలు దొరికింది. హెల్మా, కస్టమైజా అని వాడు ఫ్రెండుతో వాదించుకుంటున్నాడు. ఏమీ రానివాడికి ఆ వాదనే పుట్టదు, ఇన్‌స్టిట్యూట్ ఏది చెప్తే దానికి తలూపి డబ్బు అడుగుతాడు. ఈసీఈ చదివి ఈ పనిలోకి వచ్చినవాళ్లు బోలెడుమంది ఉన్నారు, బ్రాంచి అడ్డం కాదు. ఏడాదిన్నర ఖాళీ గురించి ఇంటర్వ్యూలో అడుగుతారు, నిజమే. ఆ ఏడాదిన్నరలో చేసిన పని తెరిచి చూపించగలిగితే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

ఆ చూపించే పని కోసం 65 వేలు అక్కర్లేదు. కైండ్, మినీక్యూబ్ లాంటివి పెట్టుకుంటే లాప్‌టాప్ మీదే చిన్న కుబెర్నెటీస్ క్లస్టర్ (సర్వర్ల గుంపు) నడుస్తుంది. ఆర్గో సీడీ ఉచితం, గిట్‌హబ్‌లో ఖాతా ఉచితం. కోర్సుతో వాడికి దొరికేది పొద్దున్నే లేచి వెళ్లే అలవాటు, డౌటొస్తే అడగడానికి ఒక మనిషి. అవి తక్కువవేమీ కావు, కానీ అంత ఖరీదు చేయవు.

ఈ కింది భాగం వాడికి చదివి వినిపించండి. మీకు అర్థం కాకపోయినా పరవాలేదు.

బాబూ, మూడు నెలలు టైము పెట్టుకో. ఒకే ఒక్క చిన్న అప్లికేషన్ తీసుకుని బేస్, దాని మీద డెవ్, ప్రొడ్ ఓవర్‌లేలు రాసి ఆర్గో సీడీతో నడుపు. తర్వాత దాన్ని కావాలని చెడగొట్టు. ఇమేజ్ ట్యాగ్ లేటెస్ట్ అని పెట్టి చూడు. కొత్త ఇమేజ్ వచ్చినా గిట్‌లో అక్షరం మారదు కాబట్టి ఆర్గో సీడీకి చేయాల్సిన పనేమీ కనిపించదు. అలా ఎందుకో రెండు వాక్యాల్లో రాసుకో. గిట్‌లో మూడు కాపీలని రాసి, సెల్ఫ్ హీల్ ఆన్ చేసి, లోడును బట్టి కాపీలు పెంచే ఆటోస్కేలర్ని కూడా పెట్టు. అది ఆరుకి పెంచుతుంది, ఆర్గో సీడీ మళ్లీ మూడుకి దింపుతుంది, ఇద్దరూ కొట్టుకుంటారు. ఆ కాపీల లైను గిట్‌లోంచి ఎందుకు తీసేయాలో నీకే తెలుస్తుంది. మామూలు కాన్ఫిగ్‌మ్యాప్ మారిస్తే, దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా తీసుకున్న పాడ్లు పాత విలువతోనే నడుస్తుంటాయి. అదే కస్టమైజ్ జనరేటర్‌తో చేస్తే పేరు చివర హ్యాష్ మారి పాడ్లు కొత్తగా లేస్తాయి. ఎవరైనా మంచి ఇంటర్వ్యూయర్ తగిలితే ఇవే అడుగుతాడు.

పాస్‌వర్డుల దగ్గర మాత్రం జాగ్రత్త. కుబెర్నెటీస్ సీక్రెట్‌లో ఉండేది బేస్64, అది తాళం కాదు, ఎవరైనా ఒక్క కమాండుతో విప్పేస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు డేటాబేస్ పాస్‌వర్డ్ పబ్లిక్ రిపాజిటరీలో పెట్టి, తర్వాతి కమిట్లో తీసేశానని ధీమాగా చెప్పాడు. పాత కమిట్ తెరిచి చూపిస్తే మొహం పాలిపోయింది. పాస్‌వర్డులకి నిజంగా తాళం వేసే సీల్డ్ సీక్రెట్సో, సాప్సో ఏదో ఒకటి నేర్చుకుని వాడు. ఏఐ ఈ యామల్ అంతా క్షణంలో రాసిస్తుంది, రాయించుకో, తప్పు లేదు. అది మార్చిన ప్రతి లైనూ ఎందుకు మారిందో నువ్వు చెప్పగలిగితేనే కమిట్ చెయ్యి.

అమ్మా, మళ్లీ మీతో. ఆదివారం ఆదివారం వాడిని వీడియో కాల్లో గిట్ కమిట్ల, అంటే ఆ పుస్తకంలో రాసిన మార్పుల, జాబితా చూపించమనండి. తేదీలుంటాయి, ఏం మార్చాడో ఒక లైను రాసి ఉంటుంది. అందులో నాలుగు రోజులు ఖాళీ కనిపించినా కేకలేయకండి, ఆ వారం ఎక్కడ ఇరుక్కున్నాడో అడగండి చాలు. ఫీజు డబ్బు మీ దగ్గరే ఉంచండి. లాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీయే ఉండి, పెంచడానికి వీలుంటే అందులోంచి తీసి 16 చేయించండి.

మీ ఆడపడుచు కొడుకు నంబరు ఉందిగా. ఉద్యోగం చూడమని అడిగి అతన్ని ఇబ్బంది పెట్టకండి. ఒక అరగంట అడిగి, మీవాడి రిపాజిటరీ, అంటే ఆ పనంతా ఉండే గిట్ ఫోల్డరు, తెరిచి తప్పులు పట్టమనండి. అక్కడ శనివారం పొద్దున్న తొమ్మిదంటే మనకు రాత్రి ఏడున్నరో, ఎనిమిదిన్నరో అవుతుంది. అప్పటికి మీరు కూడా షాపు కట్టేసి ఉంటారు.