మంచంలో ఉన్న మావగారు, మూడు షిఫ్టుల కోడలు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. "ఓపిక తగ్గిపోతోంది పెద్దమ్మా, ఊరికే కోపం వస్తోంది, యోగా క్లాసులో చేరనా" అని అడిగావు. చేరు, ఎవరొద్దన్నారు, కానీ ఎప్పుడు వెళ్తావో చెప్పు. రాత్రి రెండింటికీ నాలుగింటికీ లేచి, పక్షవాతంతో మంచాన పడ్డ మావగారిని పక్కకి తిప్పి, ఆరింటికి పిల్లాడి బాక్సు కట్టి, తొమ్మిదికి లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషికి ముందు కావాల్సింది నిద్ర. నీ స్వభావంలో ఏదో లోపం ఉందనుకుంటున్నావు గానీ, నాకైతే తేడా మీ ఇంట్లో పనులు పంచుకున్న తీరులోనే కనిపిస్తోంది.

నా సర్వీసంతా ప్రభుత్వాసుపత్రి వార్డుల్లోనే గడిచింది. స్టాఫ్ ఎంత తక్కువున్నా సరే, ఇరవైనాలుగు గంటలూ ఒకే నర్సుని ఉంచేవాళ్ళు కాదు, మూడు షిఫ్టులుండేవి. మీ ఇంట్లో మూడు షిఫ్టులూ నువ్వే చేస్తున్నావు, పైగా వీక్లీ ఆఫ్ లేదు. బీపీ రాక ఏం వస్తుంది?

అందుకని మొదట రాత్రి డ్యూటీ సంగతి తేల్చు. మీ ఆయనతో ఇది పోట్లాట మధ్యలో మాట్లాడకు, ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక కూర్చోబెట్టి చెప్పు. "కాస్త సాయం చెయ్యండి" అనకు, ఆ మాటకి మగవాళ్ళు ఓ గ్లాసు నీళ్ళు అందించి సాయం చేశామనుకుంటారు. "వారంలో నాలుగు రాత్రులు మీవి, మూడు నావి, మీ రాత్రుల్లో నేను పిల్లాడి గదిలో తలుపేసుకుని పడుకుంటాను" అని తేల్చి చెప్పు. తలుపు వేసుకోవడం ముఖ్యం. లేకపోతే మావగారు మూలిగిన ప్రతిసారీ ముందు నీకే మెలకువ వస్తుంది, ఆయన గురక పెడుతూనే ఉంటారు.

ఇక మీ మరిది, ఆడపడుచు. బెంగళూరు నుంచి ఒకరు, డాలస్ నుంచి ఒకరు వీడియో కాల్‌లో "వదినా, నాన్నకి ఫిజియో సరిగ్గా చేయిస్తున్నారా" అని అడుగుతారని రాశావు, చదువుతుంటే నాకే ఒళ్ళు మండింది. ఒక సంగతి తెలుసుకో. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాసి ఉంది. అందులో కోడలి పేరు లేదు. దీన్ని పట్టుకుని కోర్టుకి ఎక్కమనడం లేదులే, వాళ్ళని అడగడానికి నువ్వు మొహమాటపడుతున్నావు కదా, అందుకు చెప్తున్నాను. ఒక నెల ఖర్చంతా నోట్‌బుక్‌లో రాయి: డైపర్లు, మందులు, ఫిజియో, పగలు మనిషిని పెడితే జీతం. ఆ పేజీ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో మీ ఆయన చేత పెట్టించు, నువ్వు పెట్టకు. కొడుకు అడిగితే లెక్క అంటారు, కోడలు అడిగితే గోల అంటారు, మన ఇళ్ళు నీకు తెలియనివా. డబ్బు పంపడమే కాదు, ఏడాదిలో ఒక నెలైనా వాళ్ళలో ఒకరొచ్చి ఉండాలని కూడా అప్పుడే ఆయన చేత అనిపించు.

పగటికి మనిషిని పెట్టుకో. "బయటి మనిషి చేత చేయిస్తే నలుగురూ ఏమనుకుంటారో" అన్నావు. ఆ నలుగురిలో ఒక్కరైనా మీ మావగారికి ఒక పూట డైపర్ మార్చారా?

వచ్చిన మనిషికి పని నువ్వే చూపించాలి. ఎయిర్‌బెడ్ (ఒంటికి పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు) ఉంది కదా అని వదిలేస్తారు, ఎయిర్‌బెడ్ ఉన్నా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాల్సిందే, నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడిందేమో రోజూ చూడాల్సిందే. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, పడిపోని వైపు నుంచి చిన్న చిన్న ముద్దలు పెట్టాలి, తిన్నాక ఓ అరగంట పడుకోబెట్టకూడదు. నీళ్ళలాంటి పల్చటివి తాగినప్పుడు పొరబోతుంటే డాక్టరుకి చెప్పండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా అయ్యే ప్రమాదముంది. ఫిజియోని మాత్రం బద్ధకించకండి, పక్షవాతం వచ్చిన మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువ మెరుగు కనిపిస్తుంది.

మావగారు నీ మీద విసుక్కుంటున్నారనీ, ఒక్కోసారి ఉన్నట్టుండి ఏడుస్తున్నారనీ రాశావు. మెదడు దెబ్బతిన్నాక అలా అవుతుంది, నిన్ను చూసి కాదు. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికెళ్ళినప్పుడు మీరు అడగాలి, మీరు చెప్పకపోతే ఆయన కాళ్ళూ చేతులూ చూసి పంపించేస్తారు.

మీ అత్తగారి గురించి ఒక్క మాట. ఆవిడ రోజంతా టీవీ ముందు కూర్చుని నీకు వంకలు పెడుతుందని నీ బాధ. నిజమే, కానీ పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన మాట మీదే నడిచిన మనిషి, ఇప్పుడాయనకి మాటే సరిగ్గా రావట్లేదు. ఆవిడ భయపడుతోందని నా అనుమానం. కూరగాయలు తరగడమో, మందుల డబ్బా సర్దడమో, మధ్యాహ్నం ఆయనకి పేపర్ చదివి వినిపించడమో, ఏదో ఒకటి పూర్తిగా ఆవిడకే అప్పగించు. సరిగ్గా చేయలేదని మళ్ళీ నువ్వు వెనకాలే వెళ్ళి సర్దకు. ఈ జబ్బు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

పిల్లాడికి మార్కులు తగ్గాయని టెన్షన్ పడకు. వాడికి ఇంట్లో ఏం జరుగుతోందో మామూలు మాటల్లో చెప్పండి చాలు, మీరు గుసగుసలాడే కొద్దీ వాడు ఇంకా భయపడతాడు.

మావగారికి డెబ్బై దాటాయి కదా, కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన ఆరోగ్య కార్డు తీసుకోండి. ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఇన్‌పేషెంటు చికిత్స ఉంటుంది. కాకపోతే ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఇంటి దగ్గర ఖర్చులకి రాదు.

నీకు మరీ ఊపిరాడనట్టు అనిపించిన రోజు 14416కి ఫోన్ చెయ్. టెలి మానస్ అంటారు, మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. "పిచ్చివాళ్ళు చేసే నంబరు" అని మీ అత్తగారు అంటే అననీ.

బీపీ మాత్రం ఈ వారం పొద్దునా సాయంత్రం చూసుకుని రాసిపెట్టు. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాకే చూసుకోవాలి, మావగారిని ఎత్తి వచ్చి ఆయాసంతో చూసుకుంటే ఆ అంకె లెక్కలోకి రాదు. ఆ రీడింగులు నాకు పంపి, అవే పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు. వచ్చే నెల మొదటి వారం నేను బయల్దేరి వస్తున్నాను, ఆ వారం రాత్రులు నావీ మీ ఆయనవీ, సంగతి ముందే ఆయన చెవిన వెయ్.

మీ పెద్దమ్మ