ఆంటిమొనీకి నీళ్లంటే పడదు

ప్రశ్న: సార్, ప్రాక్టికల్స్‌లో ఆంటిమొనీ ట్రైక్లోరైడ్ ఇచ్చి ద్రావణం చెయ్యమన్నారు. డిస్టిల్డ్ వాటర్ పోయగానే పాలలా తెల్లబడింది. కరుగుతుందేమోనని ఇంకాసిని నీళ్లు పోస్తే ఇంకా చిక్కబడింది. లవణం అంటే నీళ్లలో కరగాలి కదా? సీసాలో సరుకే పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: సరుకు బాగానే ఉందమ్మా, నీళ్లు ముందు పోయడమే పొరపాటు. ఆంటిమొనీ అనే మూలకం క్లోరిన్‌తో కలిసి ఏర్పడిన దీన్ని లవణం అంటాం గానీ నడవడి మాత్రం మామూలు ఉప్పులా ఉండదు. మామూలు ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి, ఇదేమో 73కే కరిగిపోతుంది, 220 దాటేసరికి ఆవిరైపోతుంది. గాలిలో తేమ తగిలితే చాలు, చెమ్మగిల్లి మెత్తబడుతుంది. అందుకే పూర్వం దీన్ని 'ఆంటిమొనీ వెన్న' అనేవారు. వెన్న కదా అని వేలు పెట్టేరు, చర్మం కాలుతుంది.

నీళ్లు తగలగానే ఆంటిమొనీ తన దగ్గరున్న క్లోరిన్‌లో కొంత వదిలేసి ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. అలా తయారైన ఆక్సీక్లోరైడే మీరు చూసిన తెలుపు, అది నీళ్లలో కరగదు. దాంతోపాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా పుడుతుంది. మీరు నీళ్లు పోసినకొద్దీ ఆ ఆమ్లం పలచబడి, చర్య ఇంకా ముందుకే జరిగింది. ఇప్పుడు అదే పరీక్షనాళికలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేస్తూ కలపండి, తెలుపంతా కరిగిపోయి ద్రావణం తేటపడుతుంది. మళ్లీ నీళ్లు పోస్తే మళ్లీ పాలే. మార్కులు రాకపోయినా సరే, ఒకటి రెండుసార్లు అటూ ఇటూ చేసి చూడండి, జలవిశ్లేషణ (నీళ్లు పదార్థాన్ని ఇలా విడగొట్టే చర్య) గురించి ఎంత చదివినా ఇంత బాగా బుర్రకెక్కదు. ఇకమీదట ముందు ఆమ్లంలో కరిగించి, పలచన చేయాల్సి వచ్చినా పలచటి ఆమ్లంతోనే చేయండి.

ఇంకో తమాషా ఉంది. ఆ తెల్లటి అవక్షేపంలో, అంటే ద్రావణంలో కరగకుండా మిగిలే పొడిలో, టార్టారిక్ ఆమ్లం వేస్తే కరిగిపోతుంది. అచ్చం ఇలాగే తెల్లబడే బిస్మత్ ఆక్సీక్లోరైడ్ మాత్రం కరగదు. రెండింటిలో ఏదో తేలకపోతే ఇది చేసి చూడొచ్చు. టార్టారిక్ ఆమ్లం ఆంటిమొనీని చుట్టూ గట్టిగా పట్టేసుకుంటుంది కాబట్టి నీళ్ల ఆట సాగదన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, కింది ఉత్తరంలో మళ్లీ పనికొస్తుంది.

తయారీ సంగతి కూడా చెప్పేస్తాను. ఆంటిమొనీ ఆక్సైడ్‌ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి స్వేదనం చేస్తే, అంటే మరిగించి ఆవిరిని చల్లబరిస్తే, ముందు నీరూ ఆమ్లమూ పోతాయి, ఆ తర్వాత ట్రైక్లోరైడ్ ఆవిరై వచ్చి అవతలి పాత్రలో గడ్డకడుతుంది. సహజంగా దొరికే సల్ఫైడ్ ఖనిజం స్టిబ్నైట్‌తోనూ చేయొచ్చు గానీ, అప్పుడు కుళ్లిన గుడ్ల కంపుతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది విషవాయువు, వాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా ఆ జోలికి పోకండి. అదే వాయువుని ఆంటిమొనీ ఉన్న ఆమ్ల ద్రావణంలోకి పంపితే నారింజ రంగు సల్ఫైడ్ దిగుతుంది. ల్యాబ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన అవక్షేపం అదే. గాలి తగలకుండా దాన్ని వేడి చేస్తే నల్లబడి స్టిబ్నైట్ రూపంలోకి వచ్చేస్తుంది. పదార్థం ఒకటే, లోపలి అమరికే వేరు.

ప్రశ్న: ఆంటిమొనీ విషమంటారు, మళ్లీ ఒకప్పుడు మందుగా ఇచ్చేవారనీ అంటారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు

జవాబు: రెండూ నిజమేనండీ. ఆ మందు పేరు టార్టార్ ఎమెటిక్, అంటే పొటాషియం ఆంటిమొనీ టార్ట్రేట్. సుమారు 3 పాళ్లు ఆంటిమొనీ ఆక్సైడ్, 4 పాళ్లు పొటాషియం హైడ్రోజన్ టార్ట్రేట్ నీళ్లలో వేసి మరిగించి, వేడిమీదే వడగట్టి చల్లారనిస్తే స్ఫటికాలు కడతాయి. టార్ట్రేట్ పట్టు ఉంది కాబట్టి ఇది నీళ్లలో విరగకుండా కరుగుతుంది. యూరప్‌లో ఒకప్పుడు ఆంటిమొనీతో చేసిన గిన్నెలో ద్రాక్ష సారాయి పోసి రాత్రంతా ఉంచి, పొద్దున్న తాగి వాంతి చేసుకునేవారు. సారాయిలో ఉండే టార్టారిక్ ఆమ్లమే ఆంటిమొనీని కాస్త కరిగించి ఇచ్చేది. సారాయి పులుపుని బట్టి మోతాదు! తలుచుకుంటేనే భయమేస్తుంది.

ఇంజెక్షన్‌గా దీని అసలు ప్రయోజనం 20వ శతాబ్దంలో బయటపడింది. 1918లో ఖార్టూమ్‌లో క్రిస్టోఫర్సన్ అనే డాక్టరు దీన్ని బిల్హార్జియా (పరాన్నజీవి పురుగుల వల్ల వచ్చే జబ్బు) రోగులకు వాడి ఫలితం చూపించాడు. ఇసుక ఈగ కాటుతో సోకే కాలా అజార్ జ్వరానికి కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి అనే డాక్టరు యూరియా స్టిబమైన్ అనే ఆంటిమొనీ మందు తయారుచేశారు. అందులో ఉన్నది అయిదు వేలెన్సీ (అయిదు బంధాలు కట్టే) ఆంటిమొనీ, మూడు వేలెన్సీ రూపం కన్నా శరీరం దాన్ని బాగా తట్టుకుంటుంది. తర్వాత వచ్చిన సోడియం స్టిబోగ్లూకోనేట్ కూడా ఆ కోవలోదే. అలాగని హాని లేదని కాదు, గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి ఇసిజి చూసుకుంటూ ఇస్తారు. నూలు బట్టకు రంగు పట్టించడానికి చెట్ల బెరడులో ఉండే వగరు పదార్థం టానిన్‌తో కలిపి కూడా ఈ టార్టార్ ఎమెటిక్‌నే వాడేవారు.

ప్రశ్న: కరెంటు వైర్ల ప్లాస్టిక్‌లో మంట అంటుకోకుండా ఆంటిమొనీ కలుపుతారట, అదెలా పనిచేస్తుంది?
– మరో పాఠకురాలు

జవాబు: కలిపేది ఆంటిమొనీ ట్రైఆక్సైడ్ అండీ, తెల్లటి పొడి. అదొక్కటే ఉంటే చేసేది తక్కువ, వైర్ల ప్లాస్టిక్ అయిన పీవీసీలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి పని జరుగుతుంది. వేడికి రెండూ కలిసి మొదటి ఉత్తరంలోని 'వెన్న'గా మారతాయి, అది సులువుగా ఆవిరవుతుందన్నాం కదా, ఆ ఆవిరి మంటలోకి వెళ్లి, మంటను నడిపించే చురుకైన ముక్కలను పట్టేసి దాన్ని అణిచేస్తుంది. వైరులో బిగిసిపోయి ఉన్న ఆక్సైడ్ గురించి కంగారు అక్కర్లేదు, ఫ్యాక్టరీలో ఆ పొడిని తూచి కలిపేవాళ్లే మాస్కు తీయకూడదు. మూడు వేలెన్సీ ఆంటిమొనీని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో, మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది.