కంప్యూటర్లో ఆడిన డిస్క్ ప్లేయర్లో ఎందుకు ఆడదంటే

చిరంజీవి అమ్మలుకు,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు రెండూ చూశాను. మీ అమ్మ పెళ్లి క్యాసెట్ కంప్యూటర్లోకి ఎక్కించి, డిస్క్ రాసి, అమ్మమ్మ వాళ్ల ప్లేయర్లో పెడితే 'అన్‌నోన్ డిస్క్' అంటోందన్నావు. కంప్యూటర్లో మాత్రం చక్కగా ఆడుతోందన్నావు. అమెరికాలో మీ అన్నయ్య దగ్గర కూడా అదే గొడవ అన్నావు. ఈ రెండూ ఒకే జబ్బు అనుకోవద్దు, వేర్వేరుగా చెబుతాను.

ముందు ఒక పని చెయ్యి, అంటే ఒక పని చెయ్యకు. ఇంకో డిస్క్ రాయకు. కారణం తెలియకుండా ఎన్ని రాసినా చెత్తబుట్ట నిండడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. క్యాసెట్‌ను మళ్లీ ఎక్కించే పని అసలే పెట్టుకోకు. అంత పాత టేపును ఊరికే తిప్పితే అరుగుతుంది, ఎక్కడైనా చుట్టుకుందంటే తలంబ్రాల ఘట్టం మొత్తం పోతుంది. ఇప్పుడు నీ హార్డ్ డిస్క్‌లో ఉన్న ఫైలే మనకు అసలు. దాన్ని ఇంకోచోట కాపీ చేసి పెట్టు, అప్పుడు మిగతాది చూద్దాం.

కంప్యూటర్లో ఆడింది కాబట్టి డిస్క్ బాగానే ఉందని అందరూ అనుకుంటారు. నా దగ్గరకొచ్చిన ప్రతివాళ్లూ మొదట చెప్పేది ఆ మాటే. వీఎల్‌సీ లాంటి సాఫ్ట్‌వేర్ ఏది పడేసినా ఆడించేస్తుంది. ఇంట్లో డీవీడీ ప్లేయర్ మాత్రం మడి కట్టుకున్న ముసలావిడ లాంటిది, తన పద్ధతిలో వడ్డిస్తే తప్ప ముట్టదు. ఆ పద్ధతి 1990లలోనే రాసిపెట్టేశారు. వీసీడీకి, అంటే సీడీ మీద రాసే వీడియోకు 1993లో, డీవీడీకి ఆ తర్వాత కొన్నేళ్లకు. ఆ పాత చిప్‌కు నేటి ఫైళ్లు తెలియమంటే ఎలా తెలుస్తాయి?

తెర మీద వచ్చిన మాటను జాగ్రత్తగా చదువు. 'నో డిస్క్' అంటే చాలావరకు లెన్స్‌కు డిస్క్ కనపడనే లేదని. 'అన్‌నోన్' అనో 'అన్‌సపోర్టెడ్' అనో వస్తే, కనపడింది కానీ లోపల ఉన్నది అర్థం కాలేదని. నీకు రెండోది వచ్చింది. కాబట్టి ప్లేయర్‌ను తిట్టకు. అయినా అమ్మమ్మ ప్లేయర్ పాతది కదా, ఒకసారి దాన్నీ పరీక్షించు. కొన్న సినిమా డీవీడీ ఒకటి, పాటల సీడీ ఒకటి, ఇదివరకు దాంట్లో ఆడిన ఇంట్లో రాసిన డిస్క్ ఒకటి, మూడూ పెట్టి చూడు. ప్లేయర్లో సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ వాడతారు. అందుకే సీడీలన్నీ ఆడుతూ డీవీడీలు ఒక్కటీ ఆడకపోవడం జరుగుతుంది. అలాగైతే డీవీడీ లేజర్ వీక్ అయిందని లెక్క. కొన్న సినిమా ఆడి, రాసిన డిస్కులు మాత్రం ఆడకపోతే లెన్స్ మీద దుమ్ముండాలి, లేదా డిస్క్ నాసిరకమై ఉండాలి. ఆర్‌డబ్ల్యూ డిస్కుల జోలికి ఇందుకే వెళ్లొద్దంటాను. అచ్చు వేసిన ఒక పొర డీవీడీ తన మీద పడిన వెలుగులో 45 నుంచి 85 శాతం వెనక్కి పంపుతుంది. ఆర్‌డబ్ల్యూ 18 నుంచి 30 శాతమే. చెరిపి మళ్లీ రాసుకోవచ్చని మురిసిపోతాం కానీ, ముసలి లెన్స్‌కు అది కనపడదు.

ఇక నీ రెండో ఫోటో. డిస్క్ తెరిస్తే లోపల ఒకే ఒక్క ఫైలు, చివర ఎంపీ4 అని ఉంది. నీ గొడవకు కారణం అక్కడే దొరికింది. డిస్క్ రాసేటప్పుడు విండోస్ రెండు దారులు చూపించి ఉంటుంది. ఒకటి పెన్‌డ్రైవ్‌లా వాడుకోవడానికి, రెండోది సీడీ, డీవీడీ ప్లేయర్ కోసం. రెండోదే నొక్కాను కదా అంటావు. ఆ పేరు చూసి మోసపోనివాళ్లు లేరు. అది నీ ఫైలును ఉన్నదున్నట్టు డిస్క్ మీద పెట్టి మూసేస్తుంది, అంతే. దాన్ని డీవీడీ వీడియోగా మార్చదు. మొదటిది నొక్కితే ఇంకా దారుణం, చాలా ప్లేయర్లు ఆ డిస్క్‌ను ఖాళీ దానిలాగే చూస్తాయి. విండోస్ 7లో డీవీడీ మేకర్ అని ఒకటి ఉండేది, అది ఈ పని చేసిపెట్టేది. విండోస్ 8 నుంచి దాన్ని తీసేశారు.

ప్లేయర్‌కు పనికొచ్చే డీవీడీని కంప్యూటర్లో తెరిస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ ఉండాలి. అందులో ఐఎఫ్ఓ, బీయూపీ, వీఓబీ అని మూడు రకాల ఫైళ్లు ఉంటాయి. బొమ్మ, శబ్దం వీఓబీలో ఉంటాయి, ఒక్కొక్కటి 1 జీబీ దాటదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ మెనూ చూపించాలి అన్నది ఐఎఫ్ఓలో ఉంటుంది. బీయూపీ దానికి నకలు. వీసీడీ అయితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో డీఏటీ ఫైళ్లుంటాయి. ఈ ఫోల్డర్లు లేకపోతే బొమ్మ ఎంత బాగున్నా పాత ప్లేయర్ పట్టించుకోదు. ఆ ఫోల్డర్లు చేసే పనిని ఆథరింగ్ అంటారు. ఉచితంగా దొరికే డీవీడీస్టైలర్ దానికి చాలు.

ఫోల్డర్ ఒకటే ఉంటే సరిపోదు, లోపలి సరుకూ లెక్క ప్రకారం ఉండాలి. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో డీవీడీకి బొమ్మను కుదించే పద్ధతి ఎంపెగ్-2, కొలత 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు, శబ్దం 48 కిలోహెర్ట్జ్. వీసీడీకి ఎంపెగ్-1, 352 బై 288, శబ్దం 44.1 కిలోహెర్ట్జ్. పాత వీసీడీల నుంచి తీసిన ముక్కల్ని డీవీడీలోకి ఎక్కించేవాళ్లు ఎక్కువగా తప్పేది శబ్దం దగ్గరే. 44.1ని అలాగే ఉంచేస్తారు. బొమ్మ వస్తుంది, సన్నాయి మాత్రం వినపడదు. నీ ఫైలును మీడియాఇన్ఫో అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఈ అంకెలన్నీ ఒక్క పేజీలో కనపడతాయి. ఊహించడం మానేసి అది చూడు.

ఇంకొకటి అడగాలి. బొమ్మ అడుగున సన్నటి గీతల పట్టీ వణుకుతూ కనపడుతోందని కత్తిరించావా? అది మీ అమ్మ క్యాసెట్ లాంటి వీఎచ్ఎస్ టేపుల్లో ఎప్పుడూ ఉండేదే. పాత టీవీలు బొమ్మ అంచుల్ని కొంచెం దాచేసేవి కాబట్టి మనకు తెలిసేది కాదు. దాన్ని కత్తిరించి 720 బై 564 అనో మరొకటో చేసి పెడితే ప్లేయర్ ఒప్పుకోదు. అంత కంటికి అడ్డంగా ఉంటే దాని మీద నల్లపట్టీ వేసెయ్, కొలత మాత్రం మార్చకు.

మీ అమ్మ పెళ్లి క్యాసెట్ మూడు గంటలది. అప్పట్లో వాటిని వీసీడీ చేయిస్తే మూడు సీడీలు చేతిలో పెట్టేవాళ్లం, గుర్తుందో లేదో. ఒక్కో సీడీలో 74 నిమిషాలో, 80 నిమిషాలో పట్టేది మరి. ఇప్పుడు మూడు గంటలూ ఒక్క 4.7 జీబీ డీవీడీలో పట్టాలంటే బొమ్మా శబ్దం కలిపి సెకనుకు సుమారు 3.4 మెగాబిట్ల దగ్గర ఆగాలి. 720 బై 576కి అది చాలదు. పాత టేపులో మసక, చుక్కలు ఎక్కువ, వాటిని నొక్కి పెడితే పట్టుచీరల జరీ అంతా గళ్లు గళ్లుగా కనపడుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని దారి ఒకటుంది. డీవీడీ నిబంధనల్లోనే 352 బై 576 అనే కొలతకు అనుమతి ఉంది. వీఎచ్ఎస్ టేపులో అడ్డంగా ఉండే వివరం ఎలాగూ తక్కువే కాబట్టి పోయేది దాదాపు ఏమీ ఉండదు, గళ్లు తగ్గుతాయి. ఓపికుంటే రెండు డిస్కులుగా చెయ్యి, అది అన్నిటికంటే మేలు. కన్యాదానం దాకా ఒకటి, అక్కడి నుంచి అప్పగింతల దాకా ఇంకొకటి.

కమాండ్లు రాయడం నీకు అలవాటే కదా, వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో టార్గెట్ అన్నచోట పాల్-డీవీడీ అని ఇస్తే ఈ కొలతలన్నీ అదే సరిచేస్తుంది. కాకపోతే అది బొమ్మకు 6 మెగాబిట్ల లెక్కన కడుతుంది, మూడు గంటలు దాంట్లో పట్టవు. బిట్‌రేట్, అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లన్నది, నువ్వే తగ్గించి ఇవ్వాలి. పై హద్దు కూడా 8 దాటనివ్వకు. నిబంధన ప్రకారం బొమ్మకు 9.8 దాకా వెళ్లొచ్చు. కానీ ఇంట్లో రాసిన డిస్క్, పాత లెన్స్ కలిస్తే ఆ ఎత్తుల దగ్గరే తడబడుతుంది.

ఆడటం మొదలయ్యాక వచ్చే జబ్బులు వేరు. అవి ఎక్కడ వస్తున్నాయో గమనిస్తే కారణం సగం తెలిసినట్టే. డిస్క్‌ను లోపలి నుంచి బయటికి రాస్తారు. గణపతి పూజ, జీలకర్ర బెల్లం బాగా ఆడి, అప్పగింతల దగ్గరకొచ్చేసరికి బొమ్మ స్టక్ అవుతోందంటే గొడవ డిస్క్ బయటి అంచులో ఉన్నట్టు. అంచు దాకా నింపేసి ఉంటావు, లేదా మరీ వేగంగా రాసి ఉంటావు, లేదా పైన అందంగా ఫోటో స్టిక్కర్ అంటించి ఉంటావు. ఆ స్టిక్కర్‌తో డిస్క్ బరువు ఒక పక్కకు లాగుతుంది, ఎండకు కాగితం ముడుచుకుంటే డిస్క్ కూడా వంగుతుంది. అమ్మమ్మకు తెలియాలంటే పేరు మార్కర్‌తో రాయి, చాలు. 4.7 జీబీ అన్నది కంప్యూటర్లో 4.38గానే కనపడుతుంది, నువ్వు 4.2 దగ్గర ఆపెయ్. వేగం సంగతి ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. అన్నిటికంటే నెమ్మదిగా రాస్తేనే బాగుంటుందన్నది పాత డిస్కుల కాలం మాట. 16ఎక్స్ అని రాసి ఉన్న డిస్క్‌ను 8ఎక్స్‌లో రాయి. రాసిన వెంటనే డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ ఇమ్గ్‌బర్న్‌లో వెరిఫై పెట్టు, రాసింది సరిగ్గా పడిందో లేదో అది చూస్తుంది. చాలామంది టైం లేదని దాన్నే మానేస్తారు.

మాటకూ పెదవులకూ పొత్తు కుదరకపోతే, ఆ తేడా మొదటి నుంచీ ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా చూడు. ఒకేలా ఉంటే కలిపేటప్పుడు జరిగిన పొరపాటు, శబ్దాన్ని అటో ఇటో జరిపితే సరిపోతుంది. పెరుగుతోందంటే చాలావరకు క్యాప్చర్ చేసేటప్పుడు, అంటే క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు, ఫ్రేములు జారిపోయాయి. ఆ ఒక్క సందర్భంలోనే మళ్లీ క్యాసెట్ తీయాల్సి వస్తుంది. తీస్తే, ఆ సమయంలో కంప్యూటర్లో ఇంకేమీ తెరవకు, సెట్టింగ్ పాల్‌లోనే ఉందో లేదో కూడా చూసుకో.

టీవీలో చూస్తున్నప్పుడు పెళ్లివాళ్లు ఏడడుగులు నడుస్తూ ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేస్తున్నట్టు గజగజమంటే అది ఫీల్డ్ ఆర్డర్ తిరగబడటం. టేపు బొమ్మలో ఒక్కో ఫ్రేమ్ రెండు సగాలుగా ఉంటుంది, రెండో సగం ముందొస్తే ఇలా అవుతుంది. కంప్యూటర్లో చాలాసార్లు ఇది తెలియదు. వీడియోను మార్చే ఎన్‌కోడర్‌లో టాప్ ఫస్ట్, బాటమ్ ఫస్ట్ అని ఉంటాయి, ఉన్నదాన్ని రెండోదానికి మార్చి ఒక నిమిషం ముక్కే చేసి చూడు. మొత్తం మూడు గంటలూ కాదు.

ఇక మీ అన్నయ్య సంగతి. ఏ ప్రాంతపు డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో చెప్పే రీజియన్ కోడ్ గొడవ అని ఎవరో అన్నారని రాశావు. కాదు. మన దేశం రీజియన్ 5, అమెరికా రీజియన్ 1, నిజమే. కానీ ఆ తాళం సినిమా కంపెనీలు వేసుకునేది. ఇంట్లో రాసిన డిస్క్‌కు తాళమే ఉండదు. అక్కడి గొడవ మన పాల్‌కూ, వాళ్ల టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకీ మధ్య. మనది 25 ఫ్రేములు, 576 గీతలు. వాళ్లది 29.97 ఫ్రేములు, 480 గీతలు. మన ప్లేయర్లు రెండూ ఆడిస్తాయి, అక్కడ అమ్మేవాటిలో చాలావాటికి పాల్ పడదు. ఇండియా నుంచి తీసుకెళ్లిన పెళ్లి డిస్కులు అమెరికాలో ఆడక బీరువాల్లో పడి ఉండటానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. పైగా మన దగ్గర శబ్దానికి వాడే ఎంపెగ్ పద్ధతిని అక్కడి ప్లేయర్లు తప్పక ఆడించాలన్న నిబంధన లేదు. అక్కడికి డిస్క్ పంపితే శబ్దం డాల్బీ వాళ్ల ఏసీ-3 పద్ధతిలో పెట్టడం మేలు.

వాడికోసం ఎన్‌టీఎస్‌సీలోకి మార్చి ఇంకో డిస్క్ చేయొచ్చు. కానీ 25ని 30కి దగ్గరగా సాగదీస్తే కదలికలో కుదుపు వస్తుంది, ఉన్న బొమ్మా పాడవుతుంది. నా మాట విని వాడికి డిస్క్ పంపకు. ఆ ఎంపీ4 ఫైలునే నెట్‌లో పంపెయ్, ల్యాప్‌టాప్‌లో హాయిగా ఆడుతుంది, టీవీకి కావాలంటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాడు. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అది మాత్రం చెప్పు.

అదే పెన్‌డ్రైవ్ అమ్మమ్మకూ ఇవ్వొచ్చు కదా అంటావేమో. ఆవిడకు ట్రే తెరవడం, డిస్క్ పెట్టడం, ప్లే నొక్కడం తెలుసు. ఆ వయసులో ఆవిడకు ఫోల్డర్లు వెతికే పని పెట్టకు. మెనూ కూడా వద్దు, డిస్క్ పెట్టగానే నేరుగా బొమ్మ మొదలయ్యేలా చెయ్యి.

ముందు పది నిమిషాల ముక్క ఒకటి ఆథరింగ్ చేసి, ఒక్కసారే రాయగలిగే డీవీడీ-ఆర్ మీద రాసి, ఎవరైనా ఊరికి వెళ్తుంటే ఇచ్చి పంపు. అది ఆడిందని ఫోన్ వచ్చాక మొత్తం రాయి. రెండు కాపీలు రాసి ఒకటి మీ అమ్మ బీరువాలో పెట్టు, ఎండ తగలకుండా, కవర్లో కాకుండా పెట్టెలో. ఆడకపోతే తెర మీద వచ్చిన మాట ఉన్నదున్నట్టు, మీడియాఇన్ఫో పేజీ ఫోటోతో సహా పంపించు.

ఇట్లు,
మీ మావయ్య